చేప ముల్లు దగ్గరుండే ధ్యాస: రోజువారీ పనుల్లో మైండ్‌ఫుల్‌నెస్ ఎట్టా?

మీ పరిస్థితి నాకర్థమైనంతవరకు ఇది. కావలి నుంచి నెల్లూరుకు రోజూ రైల్లో ఉద్యోగానికి వెళ్లొస్తారు. ఇంట్లో ఇద్దరు పిలకాయలు. మీ ఆయనకు అల్లూరు వైపు రొయ్యల గుంటలు, వాటి దిగులొకటి. ఫోన్లో ధ్యానం యాప్ పెట్టుకుని పది నిమిషాలు కళ్లు మూసుకుంటే నిద్రన్నా వస్తుంది, లేదంటే చేయాల్సిన పనులన్నీ వరసకట్టి నిలబడతాయి. విడిగా కూర్చునే తీరిక లేదు, పనుల్లోనే చేయొచ్చంటున్నారు, అదెట్టా అని అడిగారు. పిలకాయల మీద కోపం తగ్గుతుందా, యాప్‌కు డబ్బు కట్టాలా అని కూడా అడిగారు. అన్నిటికీ చెప్తానమ్మా, కాకపోతే మీరడిగిన వరసలో కాదు.

ముందు మాట సంగతి. మైండ్‌ఫుల్‌నెస్, అంటే చేస్తున్న పని మీదే ధ్యాస ఉంచడం, కొత్త మాటలా వినిపిస్తుందిగానీ, దానికి ఎదురు మాట మన ఇళ్లలో రోజూ వాడేదే: పరాకు. "ధ్యాస ఎక్కడ పెట్టావు?", "ఒళ్లు దగ్గర పెట్టుకుని చెయ్యి" అని పెద్దవాళ్లు గదమాయించేది దీని గురించే. ఆ రెండో మాటను తిట్టు కింద వాడేశాంగానీ సాధన మొత్తం అందులోనే ఉంది. మనసు రేపటి ఆడిట్‌కు పోగలదు, పోయిన ఏడాది గొడవకు పోగలదు. ఒళ్లు ఎక్కడికీ పోలేదు. చేతిలో చెంబు చల్లదనం, అరికాళ్ల కింద గచ్చు, పొట్ట దగ్గర ఊపిరి ఎప్పుడు వెతికినా ఇప్పుడే, ఇక్కడే దొరుకుతాయి. అందుకే మనసును పట్టుకోవడానికి దాని వెంట పరిగెత్తం. ఒంటి దగ్గర కూర్చుంటాం, అది తిరిగొస్తుంది.

పాత బౌద్ధ గ్రంథాల భాష పాళీలో దీన్ని సతి అన్నారు, సంస్కృతంలో స్మృతి. అంటే గుర్తు. ఈ అర్థం మనకు చాలా పనికొస్తుంది. ఎరుకగా ఉండటం పెద్ద కష్టమేం కాదు, ఉండాలని గుర్తు రావడమే కష్టం. ఇది అమెరికా సరుకు అనుకునేవాళ్లు దొనకొండ దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున చందవరం వెళ్లి, శాతవాహనుల కాలం నాటి బౌద్ధ స్తూపం చూసి రావచ్చు. అమెరికాలో జరిగిందల్లా, 1979లో జాన్ కబట్-జిన్ అనే ఆయన మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌లో దీన్ని మతంతో పనిలేని ఎనిమిది వారాల శిక్షణగా మలిచాడు. ఎంత వైద్యం చేయించుకున్నా తగ్గని నొప్పులతో వచ్చే రోగుల కోసం మొదలైంది. మీ యాప్‌లో వినపడేది చాలావరకు ఆ చెట్టుకు కాసిందే.

ఇక ఆ ధ్యాస ఎట్టా ఉంటుందో మీకు తెలియంది కాదు. బొచ్చె పులుసు తినేటప్పుడు ఒకసారి గమనించండి. వంజరమైతే నడిమి ముల్లు తీసేశాక భయం ఉండదు. బొచ్చె, రాగండి అట్టా కాదు, కండలో సన్నటి పంగల ముళ్లు దాక్కునుంటాయి. ముద్ద కలిపేటప్పుడే వేళ్లు వెతుకుతాయి. నోట్లో పెట్టుకున్నాక నాలుక ముద్దను ఒక పక్కకు తోసి, మెల్లగా నొక్కి చూసి, ఏదన్నా గుచ్చుకుంటే దాన్ని ముందుపళ్ల దగ్గరికి తెచ్చి పెడుతుంది. ఆ కాసేపూ మీరు బిగుసుకుని కూర్చోరు, కళ్లు మూసుకోరు. పక్కవాళ్ల మాటలు వినపడుతూనే ఉంటాయి. మధ్యలో ఒక ఆలోచన వచ్చి పోతుంది కూడా. ధ్యాస మాత్రం నాలుక దగ్గర్నుంచి కదలదు, కదిలితే ముల్లే పిలుస్తుంది. మీరు నేర్చుకోవాలనుకుంటున్నది ఈ తేలికపాటి మెలకువనే. చేప తినని ఇళ్లలో సీతాఫలం ఉంది, గింజ నుంచి గుజ్జును నాలుకతో విడదీసే పని కూడా అచ్చం ఇదే.

పప్పన్నంలో ముల్లుండదు. అందుకే ఫోన్ చూస్తూ తినేస్తాం. ముల్లు లేని చోట కూడా ఆ ధ్యాస నిలపడం ఎట్టా అన్నదే మిగతా సంగతంతా.

చాలామంది మొదటి వారంలోనే వదిలేసేది ఎందుకంటే, ఆలోచనలు ఆగిపోవాలనుకుంటారు. ఆగవు. 2010లో హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇద్దరు 2,250 మందిని పగటిపూట ఏదో ఒక వేళ ఫోన్‌లో పలకరించి "ఇప్పుడేం చేస్తున్నారు, మనసెక్కడుంది" అని అడిగారు. మేలుకుని ఉన్న సమయంలో దాదాపు 47 శాతం మనసు చేస్తున్న పని మీద లేదని తేలింది. మనసు పోవడం దాని స్వభావం. సాధనలో జరిగే పని నాలుగు మెట్లు: ధ్యాస ఒకచోట పెట్టడం, అది జారిపోవడం, జారిందని తెలియడం, మళ్లీ తెచ్చి పెట్టడం. ఇందులో కండ పెరిగేది మూడో మెట్టు దగ్గర. రెండు నిమిషాల్లో పన్నెండుసార్లు జారి పన్నెండుసార్లు తెచ్చుకున్నారంటే ఆ రెండు నిమిషాలు బాగా జరిగినట్టే. "ఛ, మళ్లీ పోయిందే" అని విసుక్కున్నారనుకోండి, ఆ విసుగు ఇంకో ఆలోచన. దాన్నీ చూసి వెనక్కి రండి.

విడిగా టైం లేదన్నారు కాబట్టి, ఎటూ చేసే పనికి దీన్ని కట్టేద్దాం. ఏ పని ఎంచుకోవాలన్నదానికి కొన్ని గుర్తులున్నాయి. రోజూ జరిగేదై ఉండాలి, రెండు మూడు నిమిషాల్లో అయిపోవాలి, చేతులతో చేసేదై ఉండాలి, ఆ సమయంలో ఎవరితోనూ మాట్లాడాల్సిన అవసరం ఉండకూడదు. పాలు కాచడం పనికిరాదు, అదొక హడావుడి. పిలకాయలకు జడలు వేయడం మంచిదేగానీ స్కూలు బస్సు హారన్ కొట్టే వేళ కాదు. నా మటుకు అందరికీ చెప్పేది బియ్యం కడగడం.

అదెట్టాగో విడమరిచి చెప్తాను. గిన్నెలో బియ్యం పోసేటప్పుడు చప్పుడు వినండి. మొదటి గ్లాసు ఖాళీ గిన్నె అడుగున గలగలమంటుంది, రెండో గ్లాసు బియ్యం మీద బియ్యం పడి మెత్తగా వినపడుతుంది. ఈ తేడా పట్టుకోగలిగితే మీరు అక్కడ ఉన్నట్టే. నీళ్లు పోసి చెయ్యి పెట్టండి. చల్లదనం ముందు వేళ్ల సందుల్లో తెలుస్తుంది, తర్వాత మణికట్టు దగ్గర నీటి గీత ఎక్కడుందో తెలుస్తుంది. చేత్తో తిప్పుతుంటే గింజలు వేళ్లకు రాసుకుంటాయి, నీళ్లు పాలలా అవుతాయి. వంచేటప్పుడు గింజలు జారకుండా అరచెయ్యి అడ్డం పెడతారు చూడండి, అక్కడ బరువు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతుంది. ఆ మార్పు గమనించండి. రెండో నీళ్లు, మూడో నీళ్లు కూడా ఇంతే. మొత్తం రెండు నిమిషాలు.

జారిపోయేది దాదాపు ప్రతి ఒక్కరికీ రెండో నీళ్ల దగ్గరే. మొదటి నీళ్లలో కొత్తదనం ఉంది, మనసు నిలుస్తుంది. రెండోసారికి "ఇది తెలిసిందేగా" అని టిఫిన్ బాక్సులోకి, అక్కణ్నుంచి స్కూలు ఫీజులోకి పోతుంది. పోయిందని తెలిసిన క్షణాన లోపల "ఆలోచన" అని ఒక్క మాట అనుకుని వేలికొసల దగ్గరికి రండి. ఏ ఆలోచన, ఎందుకొచ్చింది అని విచారణ పెట్టొద్దు.

ఇక్కడే ఇంకో రెండు పొరపాట్లు జరుగుతాయి. మొదటిది, పనిని సినిమాలో స్లోమోషన్ లాగా చేయడం. ఉదయం ఆరున్నరకు వంటగదిలో అది నడవదు, నాలుగో రోజుకు ఇంట్లోవాళ్లే మాన్పిస్తారు. మామూలు వేగంతోనే కడగండి. మారాల్సింది ధ్యాస ఒక్కటే. రెండోది, లోపల వ్యాఖ్యానం చెప్పుకోవడం: "నేనిప్పుడు బియ్యం కడుగుతున్నాను, నీళ్లు చల్లగా ఉన్నాయి" అని. రేడియోలో క్రికెట్ కామెంటరీ విన్నవాడు గ్రౌండులో ఉన్నట్టు కాదుగదా. చల్లదనం అనే మాట వేరు, వేలికి తగిలే చల్లదనం వేరు. మాట వచ్చినా పర్లేదు, దాని వెనక తగిలేది ఏందో చూడండి.

మొదటి వారం ఈ ఒక్క పనే. ఉత్సాహం కొద్దీ పొద్దున్నుంచి రాత్రిదాకా ప్రతిదీ ఎరుకతో చేస్తానని మొదలుపెట్టినవాళ్లు మూడు రోజుల్లో అలిసిపోతారు.

రెండో వారం భోజనం కలపండి, అదీ మొత్తం కాదు, మొదటి ఐదు ముద్దలు. ఫోన్ వేరే గదిలో. చేత్తో తినడం మనకొక సౌకర్యం, వేడి నోటికంటే ముందు వేళ్లకు తెలుస్తుంది. కలిపేటప్పుడు అన్నం మెత్తదనం, నోట్లో పెట్టుకోగానే ముందు తెలిసే రుచి ఉప్పా పులుపా కారమా, నమిలేకొద్దీ అది ఎట్టా మారుతుంది, మింగాలని ఎప్పుడు అనిపిస్తుంది, అంతే. ముద్ద నోట్లో ఉండగానే వేళ్లు రెండో ముద్ద చుట్టేస్తుంటాయి. ఎక్కువగా పరాకు మొదలయ్యేది అక్కడే. కాబట్టి మింగేదాకా చెయ్యి కంచం అంచు మీద ఆపండి. ఆరో ముద్ద నుంచి మాట్లాడుకుంటూ తినండి, పిలకాయల్ని కూడా మౌనంగా కూర్చోబెట్టి ఇల్లు ఆశ్రమం చేయనక్కర్లేదు.

తలుపు తాళం వేయడం చిన్న పనేగానీ ఫలితం వెంటనే కనపడుతుంది. స్టేషన్ దాకా వెళ్లాక "తాళం వేశానా లేదా" అని గుబులు పడతాం. వేసినప్పుడు మనం అక్కడ లేం, అందుకే గుర్తులేదు. తాళం నొక్కినప్పుడు వచ్చే టక్‌మనే చప్పుడు వినండి, ఒకసారి లాగి చూడండి, చేతికి ఇనుము తగలడం గమనించండి, "వేశాను" అని పైకే అనండి. గ్యాస్ రెగ్యులేటర్‌కూ ఇదే పద్ధతి.

రైలు మీకొక వరం. కావలి నుంచి నెల్లూరు దాకా మొత్తం సాధన చేయాలనుకోవద్దు, ఒక ముక్క ఎంచుకోండి. పడుగుపాడు స్టేషన్ దాటినప్పటి నుంచి నెల్లూరు ప్లాట్‌ఫారం వచ్చేదాకా అనుకుందాం. ఆ కాసేపు వినడమే పని. చక్రాల చప్పుడు, ఫ్యాను, పల్లీలమ్మే అబ్బాయి కేక, వెనక సీట్లో ఎవరిదో ఫోన్లో పాట. ఏ చప్పుడునూ వెతుక్కుంటూ పోవద్దు, వచ్చినవి చెవిలో పడనివ్వండి. పెన్న వంతెన ఎక్కగానే కింద నేల పోయి చప్పుడు మారిపోతుంది, గాలి మారుతుంది. ఆ మారే క్షణం మీకు గంట కొట్టినట్టు. అప్పటిదాకా ఆలోచనల్లో కొట్టుకుపోయినా అక్కడ మేలుకుంటారు. పాట చిరాకు పుట్టించిందనుకోండి, పాట ఒకటి, చిరాకు ఒకటి, రెండూ విడివిడిగా తెలిస్తే చాలు. ఒక్క షరతు: వాకిలి దగ్గర నిలబడ్డ రోజున ఇవేం వద్దు, గట్టిగా పట్టుకుని నిలబడండి.

స్కూటర్ మీద కూడా ఊపిరి గమనించడం, లెక్కపెట్టడం లాంటివి చేయకూడదు. బండి నడిపేటప్పుడు ఎరుక అంటే రోడ్డు మీది ఎరుకే: ముందు ఆటోకు మనకు మధ్య దూరం, అద్దంలో ఎవరున్నారు, హ్యాండిల్ మీద వేళ్లు ఎంత బిగుసుకున్నాయి. ఎర్ర సిగ్నల్ పడ్డప్పుడు కాళ్లు నేల మీద ఆనించి, కళ్లు తెరిచే, మూడు ఊపిరులు తీసుకోవచ్చు.

ఆఫీసులో పెద్ద దొంగ ఫోనే. దాన్ని నియమాలతో గెలవలేం, దూరంతో గెలుస్తాం. చేతికి అందేచోట ఉంటే తీస్తాం, లేచి వెళ్లి తీసుకోవాల్సినంత దూరంలో ఉంటే మధ్యలో ఒక అవకాశం దొరుకుతుంది. తీసినప్పుడు తెర వెలిగించేముందు ఒక ఊపిరి ఆగి "ఎందుకు తీశాను?" అని అడగండి. సమాధానం ఉంటే ఆ పని చేసి పెట్టేయండి. సమాధానం లేకపోతే విసుగో అలసటో అక్కడుందని తెలుస్తుంది, అదీ లాభమే. గ్రూపుల నోటిఫికేషన్లన్నీ ఆపేసి, కాల్స్ మాత్రం ఉంచుకోండి.

మధ్యాహ్నం ఒకసారి మూడు నిమిషాల విరామం. కుంగుబాటు పదేపదే తిరగబెట్టే వాళ్ల కోసం సెగల్, విలియమ్స్, టీస్‌డేల్ అనే ముగ్గురు తయారుచేసిన శిక్షణలో ఉంది ఇది. కుర్చీలోనే చేయొచ్చు, కళ్లు తెరిచి ఉన్నా పక్కవాళ్లకు తెలియదు. మొదటి నిమిషం: ఇప్పుడు లోపల ఏముంది? ఏ ఆలోచన, ఏ భావం, ఒంట్లో ఎక్కడ బిగువు? మార్చొద్దు, చూడండి. రెండో నిమిషం: పొట్ట దగ్గర ఊపిరి ఒక్కటే. మూడో నిమిషం: ఊపిరి నుంచి ధ్యాసను ఒళ్లంతా పరవండి, భుజాలు, ముఖం, కుర్చీకి ఆనిన వీపు. మొదటి నిమిషం ఎగ్గొట్టి నేరుగా ఊపిరికి పోతే అది చికాకును కప్పెట్టడం అవుతుంది, అందుకే ఆ వరస మార్చొద్దు. ఊపిరిని లోతుగా లాగాల్సిన పనిలేదు. చాలామంది గమనించమనగానే బలవంతంగా పీల్చి, తల తిరిగి, ఇది నాకు పడదంటారు. ఊపిరి ఎట్టా వస్తే అట్టానే రానివ్వండి. ఆయాసం, ఉబ్బసం ఉండి ఊపిరి మీద ధ్యాస పెడితే గాబరా వచ్చేవాళ్లు అరికాళ్లను ఎంచుకోవచ్చు. నేలకు ఎక్కడెక్కడ ఆనుతున్నాయి, మడమ ఎంత, వేళ్లెంత. సాధనలో అది తక్కువేం కాదు.

ఇప్పుడు కోపం. తగ్గుతుందా అంటే, కోపం రావడం వెంటనే తగ్గదు, కోపం వచ్చిందని తెలిసే వేళ ముందుకు జరుగుతుంది. మొదట్లో అరిచేసిన అరగంటకు తెలుస్తుంది. కొన్ని వారాలకు అరుస్తూ ఉండగా తెలుస్తుంది, ఇది అన్నిటికంటే ఇబ్బందికరమైన దశ, ఇక్కడే "నాకేం మార్పు రాలేదు" అని వదిలేస్తారు. మార్పు వచ్చింది కాబట్టే తెలిసింది. ఆ తర్వాత నోరు తెరవబోయే ముందు తెలుస్తుంది.

ఒళ్లు ముందే చెప్తుంది. ఒక్కొక్కరికి ఒక్కోచోట: దవడ బిగుస్తుంది, చెవులు వేడెక్కుతాయి, గొంతు సన్నగా పైకి పోతుంది, చేతిలో గరిటె గట్టిగా పట్టుకుంటాం. మీది ఎక్కడో కనిపెట్టండి. అది తగిలినప్పుడు చేయాల్సింది ఇరవై సెకన్ల పని. అరికాళ్లు గచ్చుకు ఆనడం గమనించండి. లోపల "కోపం వస్తా ఉంది" అనుకోండి, "వీడు నన్ను చంపుతున్నాడు" అని కాదు. తీసుకున్న దానికంటే వదిలే ఊపిరి పొడుగ్గా ఉండేట్టు మూడుసార్లు వదలండి. ఊపిరిని మనమే నడపమని నేను చెప్పేది ఈ ఒక్కచోటే. తర్వాత చెప్పాల్సింది చెప్పండి, గట్టిగానే చెప్పండి, హోంవర్క్ చేయలేదంటే చేయలేదనే అనాలి. కోపాన్ని మింగి మొహం మాడ్చుకుని తిరగడాన్ని శాంతం అనుకునేవాళ్లున్నారు. అది రెండు రోజుల తర్వాత వేరేవాళ్ల మీద పడుతుంది.

ఈ ఇరవై సెకన్ల పనిని పెద్ద గొడవ జరిగేటప్పుడు మొదటిసారి ప్రయత్నిస్తే పనిచేయదు. పెన్నకు వరదొచ్చినప్పుడు ఈత నేర్చుకోలేం. దోశ పెనానికి అతుక్కున్నప్పుడు, చార్జర్ ఎవరో తీసుకెళ్లినప్పుడు, రైలు పావుగంట లేటన్నప్పుడు చేయండి. అంత చిన్న చిరాకులు రోజుకు పది దొరుకుతాయి, ఖర్చు లేకుండా.

కూర్చుంటే నిద్ర వస్తోందన్నారు. కారణాలు మామూలువే: నాలుగున్నరకు లేచే ఒంటికి కళ్లు మూసుకోమంటే అది పడుకోమన్నట్టే వింటుంది, పైగా యాప్‌లో గొంతు జోలపాట పాడినట్టుంటుంది. గోడకు జారగిలబడొద్దు. కింద కూర్చుంటే తుంటి కింద మూడు నాలుగు అంగుళాల ఎత్తున దుప్పటి మడిచి పెట్టుకోండి, మోకాళ్లు తుంటికంటే కిందకు దిగాలి. లేకపోతే వీపు వంగి, పావుగంటలో నడుము నొప్పి. కుర్చీ అయినా ఇబ్బంది లేదు, పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. కళ్లు సగం తెరిచి మూడు నాలుగు అడుగుల దూరంలో నేల చూడండి. తిన్న వెంటనే వద్దు. పది నిమిషాలు కాదు, ఐదుతో మొదలుపెట్టండి. ఊపిరి వదిలినప్పుడల్లా ఒకటి, రెండు అని పదిదాకా లెక్క, మళ్లీ ఒకటి. లెక్క తప్పితే ఒకటి నుంచి. పద్నాలుగో పదిహేనో లెక్కపెడుతూ దొరికిపోయారంటే లెక్క దానంతట అది నడుస్తోంది, మీరు లేరు. కాలు తిమ్మిరెక్కితే మూడు ఊపిరులు దాన్ని చూసి, మెల్లగా మార్చుకోండి, పంతం వద్దు. ఇవన్నీ సరిచేసుకున్నా వారమంతా నిద్రే వస్తే మీకు నిద్ర చాలట్లేదు. దానికి మందు నిద్రే.

రోజువారీ పనులుంటే ఈ ఐదు నిమిషాలు ఎందుకంటారా? పనుల్లో చేసేది వాడకం, కూర్చుని చేసేది కత్తికి సాన. సాన లేకుండా కొన్నాళ్లు కోస్తుంది, తర్వాత మొద్దుబారుతుంది. అందుకే పనులు మాత్రమే చాలనేవాళ్లతో నేను ఏకీభవించను. ఎండాకాలం మధ్యాహ్నాలు, 40 డిగ్రీలు దాటి కరెంటు కూడా పోయినప్పుడు కూర్చోవడం మాత్రం సాధన కాదు. నీళ్లు తాగి నీడన ఉండండి.

మీ ఆయన గుంటల దిగులు గురించి ఒక్క వాక్యమే రాశారు, కానీ ఇంట్లో రాత్రులు దానివల్లే చెడుతున్నట్టుంది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కాబట్టి నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో లేచి చూడటం పని. చూసొచ్చాక మంచం మీద పడుకుని మళ్లీ మళ్లీ చూడటం దిగులు. పని ఆపమనే హక్కు ఏ ధ్యానానికీ లేదు. దిగులుకు ఒక వేళ కేటాయించమనండి: సాయంత్రం ఏడింటికి పదిహేను నిమిషాలు, నోటుపుస్తకం. ఎడమ పక్కన భయం (వైరస్, రేటు, మేత అప్పు), కుడి పక్కన రేపు చేయగలిగింది ఒక్కటి. ఏమీ లేకపోతే గీత. రాత్రి అదే ఆలోచన వస్తే "రేపు ఏడింటికి" అని చెప్పి పక్క మీద ఆనిన వీపు దగ్గరికి రావాలి. వారం పది రోజులు పడుతుంది పట్టుబడటానికి. ఎరుక వల్ల అప్పు వడ్డీ తగ్గదు. వడ్డీ గురించి ఆలోచించేది రోజుకు పదిహేను నిమిషాలా, నాలుగు గంటలా అన్నది తేడా. అట్టాగే ఇంట్లో ఎవరన్నా కొడుతున్నా, ఆఫీసులో వేధిస్తున్నా దాన్ని "గమనిస్తూ" భరించమని ఎవరు చెప్పినా వినొద్దు.

ఒక జాగ్రత్త పక్కన పెట్టకుండా చదవండి. కళ్లు మూసుకోగానే పాత దెబ్బ ఏదో కళ్లముందుకొచ్చి ఒళ్లు వణికితే, గుండె దడ పెరిగితే, తాను తనకే పరాయిగా అనిపిస్తే కళ్లు తెరిచి గదిలో ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి, లేచి నడవండి, ఆ రోజుకు ఆపేయండి. మళ్లీ అట్టాగే అయితే మానసిక వైద్యుల్ని కలిశాకే కొనసాగించాలి. మందులు వాడేవాళ్లు ధ్యానం మొదలుపెట్టామని మందులు మానకూడదు. తీవ్రమైన కుంగుబాటో, లేనివి వినపడటమో ఉన్నవాళ్లు పదిరోజుల మౌన శిబిరాలకు డాక్టరును అడగకుండా వెళ్లకూడదు. మనసు బాగాలేనప్పుడు ఫోన్ చేయడానికి ప్రభుత్వం వాళ్ల టెలీమానస్ నంబరు 14416, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

వరస ఇట్టా పెట్టుకోండి. మొదటి వారం బియ్యం, రెండో వారం ఐదు ముద్దలు, మూడో వారం రైలు, దాంతో పాటే ఐదు నిమిషాలు కూర్చోవడం. నాలుగు, ఐదు వారాల్లో కొత్తవేం వద్దు. ఆరో వారం నుంచి మధ్యాహ్నం మూడు నిమిషాలు, చిన్న చిరాకుల మీద ఇరవై సెకన్ల పని. కూర్చునేది ఎనిమిదో వారానికి పది నిమిషాలైతే చాలు. క్యాలెండర్ మీద చేసిన రోజు చుక్క పెట్టండి, "ఎంత ప్రశాంతంగా ఉంది" అని మార్కులు వేసుకోవద్దు. మార్కులు వేసేవాళ్లకు రెండో వారంలో తప్పకుండా ఒక చెడ్డ రోజు వస్తుంది, ఆ రోజుతో మానేస్తారు. రొట్టెల పండుగకో సంక్రాంతికో ఇంటినిండా చుట్టాలుంటే కూర్చోవడం వదిలేసి బియ్యం మాత్రం ఉంచుకోండి. చుట్టాలొస్తే బియ్యం ఇంకా ఎక్కువే కడుగుతారు.

యాప్ విషయం. మొదటి నెల గొంతు ఒకటి దారి చెప్తుంటే తేలికే, ఉచితంగా దొరికేది సరిపోతుంది. తర్వాత తగ్గించాలి, ఎందుకంటే గొంతు ఉన్నంతసేపు జారిన మనసును అది పిలుస్తుంది, మీరు పట్టుకోరు. మూడో మెట్టు పని దానికి అప్పగించినట్టు అవుతుంది. ఒక రోజు గొంతుతో, ఒక రోజు ఫోన్లో టైమర్ మాత్రమే పెట్టి చేస్తూ, రెండో నెలకు టైమర్ మీదికి రండి. ఏడాది చందా ఇప్పుడే కట్టొద్దు. టైమర్ పెట్టేటప్పుడు ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో వేసి, బోర్లించి, చేతికి అందనంత దూరంలో పెట్టండి. అలారం పాట కాకుండా ఒక్క గంట మోత పెట్టుకోండి, అది పూర్తిగా ఆగేదాకా విని లేవండి.